ఇనుము చెప్పిన సూర్యుడి గుట్టు
(రథసప్తమి సాయంత్రం సభ్యుల సమావేశంలో వాలంటీర్ల తరఫున చేసిన ప్రసంగం)

 

పోయిన ఏడాది ఇదే రోజున ప్రసాదం పంచుతుండగా, ఇక్కడే షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గ్రైండింగ్ పని చేసే అన్న ఒకరు మమ్మల్ని అడిగారు: "సూర్యుడి ఒంటి మీద కంటే చుట్టూ ఉన్న గాలిలో వేడి ఎక్కువట. పొయ్యికి దూరం జరిగితే సెగ తగ్గాలి కదా తమ్ముడూ?" పెద్ద చదువులు చదివినవాళ్లం కదా, "ఫోన్లో వచ్చేవన్నీ నమ్మకండన్నా" అని నవ్వేశాం. ఇంటికెళ్లి చూస్తే ఆయన చెప్పిందే నిజం. ఆ బాకీ ఈ రోజు తీర్చుకుంటాం.

సూర్యుడి ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్. దానిపైన కరోనా అనే పలుచని వాతావరణంలో వేడి 10 లక్షల డిగ్రీలు దాటుతుంది.

ఈ కథలో మన గుంటూరుకూ చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును రంగులుగా విడదీసి చూశారు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియంగా తేలింది. మరుసటి ఏడాది అమెరికాలో గ్రహణం నాడు కరోనాలో ఒక ఆకుపచ్చ గీత కనిపించింది. తెలిసిన ఏ మూలకానికీ అది సరిపోలేదు. కొత్త మూలకం అనుకుని 'కరోనియం' అన్నారు. సుమారు 70 ఏళ్లకు గ్రోట్రియన్, ఎడ్లెన్ అసలు సంగతి తేల్చారు. అది మన ఇనుమే! ఇనుము పరమాణువులోని 26 ఎలక్ట్రాన్లలో 13 ఊడిపోతే వచ్చే గీత అది. అన్ని ఊడాలంటే 10 లక్షల డిగ్రీలు దాటాల్సిందే. ఇనుము కరగడానికి 1,538 డిగ్రీలు చాలు.

మరి ఆ వేడి ఎక్కడిది? చల్లని చోటు నుంచి వేడి చోటికి వేడి తనంతట తాను పోదు. అన్న చేతిలోని గ్రైండర్‌నే చూడండి. వైరు చల్లగానే ఉంటుంది. డిస్కు ఇనుమును తాకిన చోట మాత్రం రవ్వలు లేస్తాయి. వైరులో వచ్చింది వేడి కాదు, శక్తి. అది వేడిగా మారింది చివర్లోనే. సూర్యుడిలో ఆ వైరు పని అయస్కాంత క్షేత్రం చేస్తుంది. అడుగున ఎసరులా మరిగే వాయువు అయస్కాంత రేఖల మొదళ్లను కదుపుతూ ఉంటుంది. తాడును ఒక కొసన ఆడిస్తే అల పాకినట్టు, ఆ శక్తి అలలుగా పైకి వెళ్లి వేడిగా మారుతుందని ఒక వివరణ. ఇలాంటి అలలుంటాయని 1942లో ఆల్వెన్ చెప్పారు. మెలిపడిన రేఖలు తెగి అతుక్కుంటూ లెక్కలేనన్ని చిన్న పేలుళ్లు కలిగిస్తాయని 1988లో పార్కర్ చెప్పింది రెండోది. దేని వాటా ఎంతో ఇంకా తేలలేదు.

అంత వేడిలో నౌక కరిగిపోదా అని పిల్లలు అడుగుతారు. చేతి మీద పడ్డ రవ్వ చురుక్కుమని ఆరిపోతుంది. అంతకంటే తక్కువ వేడున్న కడ్డీని పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. రవ్వలో వేడి ఎక్కువ, సరుకు తక్కువ. కరోనా కూడా అంతే, చాలా పలుచన. అందుకే మంచి కవచం ఉన్న పార్కర్ నౌక 2021లో కరోనాలోకి వెళ్లి కూడా క్షేమంగా బయటపడింది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన మన ఆదిత్య-ఎల్1 గమనించే గీతల్లో ఆ ఆకుపచ్చ ఇనుప గీత కూడా ఉంది.

చివరిగా ఒక మాట. సూర్యుణ్ని మేం ఏసీ గదిలో తెర మీద చూస్తాం. మీలో చాలామంది వీపు మీద మోస్తారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదన్నది ఇక్కడి నిబంధన. ఆ రెండున్నర గంటలు దయచేసి వదులుకోకండి.

ఆ అన్న ఇప్పుడు వెనక వరసలో కూర్చున్నారు. అన్నా, మీరు అడిగింది పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఇప్పటికీ అడుగుతున్న ప్రశ్న. ఆ రోజు నవ్వినందుకు మన్నించండి. ఇకపై ఎవరేం అడిగినా, తెలియకపోతే తెలియదంటాం, తెలుసుకుని వచ్చి చెబుతాం.