కంప్యూటర్ కంటే ముందు గది రావాలి

ముందు ఒక చిన్న పని చెప్తా. మీ ఇంట్లో 90ల్లో చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్‌లోకి ఎలా వెళ్ళేవాళ్ళో అడగండి. చాలామంది చెప్పే మాట ఒకటే: "చెప్పులు బయట విప్పి వెళ్ళేవాళ్ళం." లోపల ఏసీ ఉండేది, కిటికీలకి కర్టెన్లు ఉండేవి. అచ్చం గుళ్ళోకి వెళ్ళినట్టే. నిజానికి అక్కడున్న పీసీలకి అంత మర్యాద అక్కర్లేదు. ఆ మర్యాద వాటి తాతలది. ఆ తాతలు ఇంటికొచ్చే ముందు ఎంత హడావుడి జరిగేదో ఈరోజు చూద్దాం.

ఉదాహరణకి ఐబీఎం సిస్టమ్/360 తీసుకుందాం. దీన్ని 1964 ఏప్రిల్ 7న ప్రకటించారు, మొదటి మెషీన్లు 1965లో కస్టమర్లకి చేరాయి. మీరు అమెరికాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ మేనేజర్ అనుకోండి. ఆర్డర్ ఇచ్చారు, మెషీన్ రావడానికి నెలలు పడుతుంది. ఈలోపు ఖాళీగా కూర్చోవచ్చా? అస్సలు కుదరదు. కంప్యూటర్ ఇవ్వడం వరకే ఐబీఎం పని, గది సిద్ధం చేయాల్సింది మీరు. దానికోసం వాళ్ళు ఒక లావుపాటి పుస్తకం ఇచ్చేవాళ్ళు. అందులో ఏ మెషీన్ పొడవు వెడల్పులెంత, బరువెంత, కరెంట్ ఎంత తాగుతుంది, ఎంత వేడి కక్కుతుంది, తలుపు తీసి రిపేర్ చేయడానికి చుట్టూ ఎన్ని అంగుళాల జాగా వదలాలి, అన్నీ ఉండేవి. మెషీన్ల ఆకారాలు చిన్న స్కేల్లో గీసి ఉండేవి. వాటిని కత్తిరించి గది ప్లాన్ మీద పెట్టి, అటూ ఇటూ జరిపి చూసుకునేవాళ్ళు.

మరి ట్రక్కు దిగిన చోటు నుంచి గది దాకా మెషీన్ ఎలా వెళ్తుంది? దారిలో ఉన్న ప్రతి తలుపూ, ప్రతి మలుపూ, లిఫ్టూ టేపు పెట్టి కొలవాలి. 360 కుటుంబంలో చిన్నవాళ్ళలో ఒకటైన మోడల్ 30 ప్రాసెసర్ ఒక్కటే సుమారు 770 కిలోలు. అది చక్రాల మీద నిలబడుతుంది. నాలుగు చక్రాలనుకుంటే, ఒక్కో చక్రం కింద దాదాపు 190 కిలోలు. నేల మొత్తంగా ఎంత మోస్తుందన్నదే కాదు, ఆ చక్రం ఆనిన చోట ఎంత మోస్తుందన్నది కూడా లెక్కే.

తరలించడమంటే భయం ఎంతుండేదో చెప్పడానికి ఇంకాస్త పాత కథ ఒకటుంది. యూనివాక్ మొదటి మెషీన్‌ని అమెరికా జనాభా లెక్కల శాఖ 1951 మార్చిలో లాంఛనంగా స్వీకరించింది. కానీ మెషీన్ మాత్రం నెలల తరబడి ఫిలడెల్ఫియా ఫ్యాక్టరీలోనే ఉండిపోయింది! జనానికి చూపించడానికి కంపెనీ దగ్గర పూర్తిగా అమర్చిన మెషీన్ అదొక్కటే ఉండటం ఒక కారణం. విప్పి, తీసుకెళ్ళి, మళ్ళీ బిగించేటప్పుడు ఏమవుతుందో అన్న గుబులు ఇంకో కారణం. దాంతో ఫ్యాక్టరీ బయట మొదట అమర్చింది రెండో మెషీన్‌ని, 1952లో పెంటగాన్‌లో. పెంటగాన్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

సరే, 360 దగ్గరికొద్దాం. ఇందులో ప్రాసెసర్ వేరు, టేప్ యూనిట్లు వేరు, డిస్కులు వేరు, ప్రింటర్ వేరు. వీటన్నిటినీ కలిపే కేబుళ్ళు బొటనవేలంత లావు. అవి నేలమీద పడుంటే మనుషులు తట్టుకుని పడతారు. అందుకని అసలు నేలకి పైన ఇంకో నేల వేసేవాళ్ళు. అదే రైజ్డ్ ఫ్లోర్. ఇనుప కాళ్ళు, వాటి మీద రెండడుగుల చదరపు పలకలు. రబ్బరు సక్షన్ కప్పున్న పిడితో ఏ పలకనైనా లేపి కింద కేబుల్ సర్దొచ్చు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. నేల ఎత్తు పెరిగితే గది ఎత్తు తగ్గుతుంది, గుమ్మం దగ్గర మెట్టు వస్తుంది. బరువైన మెషీన్ మెట్టెక్కదు కదా, ర్యాంప్ కట్టాలి. ర్యాంప్‌కి మళ్ళీ జాగా కావాలి. మళ్ళీ కాగితం ముక్కలు జరపడం మొదలు! పైగా కేబుళ్ళ పొడవు ముందే కొలిచి చెప్పాలి. మెషీన్ వచ్చాక "అయ్యో, రెండడుగులు తక్కువైంది" అంటే అతుకేసే తీగ కాదది.

ఈ నేలకి ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఏసీ చల్లగాలిని కిందనుంచి పంపితే, మెషీన్ అడుగున కోసిన కంతల్లోంచి నేరుగా లోపలికి వెళ్తుంది.

ఏసీ లెక్క మనకి బాగా అర్థమవుతుంది. ఇంట్లో 1.5 టన్ ఏసీ అంటాం కదా, ఒక టన్ అంటే సుమారు మూడున్నర కిలోవాట్ల వేడిని బయటికి తోసే శక్తి. యూనివాక్ తాగే కరెంట్ 125 కిలోవాట్లు. అదంతా చివరికి వేడే అవుతుంది. దాన్ని బయటికి పంపాలంటే మన 1.5 టన్ ఏసీలు 24 కావాలి, ఒక్క కంప్యూటర్‌కి! 360 నాటికి వాక్యూమ్ ట్యూబులు పోయాయి, వేడి తగ్గింది. అయినా మెషీన్ల వేడితో పాటు లైట్లు, మనుషులు, గోడమీద పడే ఎండ, అన్నీ కూడి ఏసీ సైజు తేల్చేవాళ్ళు.

చల్లదనం కంటే నాకు ఆసక్తిగా అనిపించింది తేమ సంగతి. వానాకాలంలో అప్పడాల డబ్బా మూత తీసి పెడితే ఏమవుతుంది? మెత్తబడిపోతాయి. పంచ్ కార్డు కూడా కాగితమే. తేమ పీల్చి ఉబ్బుతుంది, వంకర తిరుగుతుంది. నిమిషానికి 1,000 కార్డులు మింగే రీడర్‌లో ఒక్క వంకర కార్డు ఇరుక్కుంటే చాలు. పోనీ గాలి పూర్తిగా ఆరబెడదామా అంటే, స్టాటిక్ కరెంట్ పుడుతుంది. మనిషి నడిచొచ్చి మెషీన్ ముట్టుకుంటే చిటుక్కుమంటుంది, లెక్క తప్పొచ్చు. అందుకే మధ్యేమార్గంగా, 24 డిగ్రీల దగ్గర వేడి, 50 శాతం దగ్గర తేమ ఉండేలా గదిని డిజైన్ చేసేవాళ్ళు.

ఇప్పుడు చెప్పుల దగ్గరికి వచ్చాం. 360తో వచ్చిన 2311 డిస్క్ ప్యాక్‌లో పట్టేది 7.25 ఎంబీ. మీ ఫోన్‌లో రెండు ఫొటోలు! తిరిగే డిస్క్ మీద రీడింగ్ హెడ్ కొన్ని మైక్రాన్ల ఎత్తులో తేలుతుంది. తల వెంట్రుక మందం దానికి ఎన్నో రెట్లు. అంటే ఒక దుమ్ము రేణువు ఆ హెడ్‌కి రోడ్డు మధ్యలో బండరాయి లాంటిది. దుమ్మెక్కువ ఉండే మన ఊళ్ళలో చెప్పులు విప్పమనడంలో అప్పటికి న్యాయం ఉంది మరి.

ఇక అగ్గి భయం. 1959 జూలైలో పెంటగాన్‌లోని ఎయిర్‌ఫోర్స్ కంప్యూటర్ విభాగంలో మంటలు చెలరేగి మెషీన్లూ, వేల టేపులూ కాలిపోయాయి. మెషీన్ కాలితే ఇంకోటి తెచ్చుకోవచ్చు. కాపీ లేని టేపు పోతే పోయినట్టే. అందుకే టేపుల కాపీలు వేరే చోట దాచడం కూడా గది ప్లానింగ్‌లో భాగమే. 360 కన్సోల్ మీద ఎమర్జెన్సీకి లాగే ఎర్ర పిడి ఒకటుండేది. లాగితే కరెంట్ మొత్తం కట్. మళ్ళీ లోపలికి నొక్కేద్దామంటే కుదరదు, సర్వీస్ ఇంజనీర్ వచ్చి సరిచేయాలి. కుతూహలం కొద్దీ లాగినవాడి పరిస్థితి ఊహించుకోండి!

కరెంట్ విషయం క్లుప్తంగా చెప్తా. లిఫ్టు మోటారున్న లైను మీద కంప్యూటర్ పెట్టకూడదు, దానికి విడిగా లైను కావాలి. వోల్టేజ్ ఒక్కటే కాదు, ఫ్రీక్వెన్సీ కూడా కలవాలి. ఈ తిప్పలు మన కాలంలోనూ జరిగాయి. కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం వాళ్ళు జర్మనీ నుంచి పాత ఐబీఎం 1401 ఒకటి తెచ్చి, మళ్ళీ నడిపించాలనుకున్నారు. అది 50 హెర్ట్జ్ మెషీన్, అమెరికా కరెంట్ 60 హెర్ట్జ్. దానికోసం ప్రత్యేకంగా కన్వర్టర్ పెట్టాల్సొచ్చింది. రెండోసారి అమెరికాలోని కనెక్టికట్ నుంచి ఇంకో 1401 తెచ్చుకున్నారు, దానికి ఆ బాధ లేదు. ఇప్పుడు రెండూ అక్కడ ఒకే గదిలో ఉన్నాయి, రైజ్డ్ ఫ్లోర్ మీద. వాటి ప్రింటర్ చేసే మోత గురించి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.