ఇదిగో నేను

ఈ ఉదయము ఒకే ఒక్క మాటను మీతో ధ్యానించాలని ఆశపడుచున్నాను. హెబ్రీ భాషలో అది ఒక్క పదమే: హిన్నేని. "హిన్నే" అంటే మన తెలుగులో "ఇదిగో". చివరనున్న "ని" అంటే "నేను". ఇదిగో నేను!

ఇది ఉన్న చోటు చెప్పే మాట కాదు. ఫోనులో ఎక్కడున్నావని అడిగితే బస్టాండులో ఉన్నానంటాము. హిన్నేని అలాంటిది కాదు. పిలిచిన వారి వైపు పూర్తిగా తిరిగి, చెప్పండి, సిద్ధంగా ఉన్నాను అనడం. ఏదెను తోటలో దేవుడు ఎక్కడున్నావని అడిగినప్పుడు ఆదాము భయపడ్డానన్నాడు, దాగుకొన్నానన్నాడు. ఈ ఒక్క మాట మాత్రం అనలేదు.

ఆదికాండము 22వ అధ్యాయము తెరవండి. అబ్రాహాము ఈ మాటను మూడుసార్లు పలికాడు. 1వ వచనములో దేవునితో, 7వ వచనములో ఇస్సాకుతో, 11వ వచనములో దేవదూతతో. మన తెలుగు బైబిలులో ఈ సంగతి కనబడదు. దేవునితో "చిత్తము ప్రభువా" అన్నవాడు కుమారునితో "ఏమి నా కుమారుడా" అంటాడు. తర్జుమా చేసిన పెద్దలను నేను తప్పు పట్టడం లేదు. మన ఇళ్ళలో ఏ తండ్రి కొడుకుతో చిత్తము అంటాడు! కాని హెబ్రీలో మాట ఒక్కటే. దేవునికిచ్చిన జవాబునే బిడ్డకూ ఇచ్చాడు.

ఎప్పుడిచ్చాడు? తన చేతిలో నిప్పు, కత్తి. కొడుకు వీపున కట్టెలు. గొర్రెపిల్ల ఏదని ఆ పిల్లవాడు అడగబోతున్నాడు. అబ్రాహాము దగ్గర విడమరచి చెప్పే సమాధానము లేదు. దేవుడే చూచుకొంటాడన్నాడు, అంతే. అయినా ముఖం తిప్పుకోలేదు. ఈ అధ్యాయము బరువైనది. పది నిమిషాల ప్రసంగములో ఆ బరువు దించానని నేను చెప్పను. యూదులు తమ నూతన సంవత్సర పండుగ రెండవ దినాన ఈ అధ్యాయాన్నే సమాజమందిరములో నేటికీ చదువుతారు.

సహోదరుడా, ఉపవాస కూడికకు పందిరి వేయాలంటే నీవే ముందుంటావు. మంచిదే. పదో తరగతి తప్పిన నీ కొడుకు "నాన్నా" అని గుమ్మం దగ్గర నిలబడితే ఏమంటున్నావు? వాని ప్రశ్నకు నీ దగ్గర జవాబు లేకపోవచ్చు. అబ్రాహాము దగ్గరా లేదు.

1 సమూయేలు 3వ అధ్యాయములో సమూయేలును చూడండి. సండేస్కూలు పిల్లలు నాటిక వేసినప్పుడు ఆ పరుగులు చూచి నవ్వుకొంటాము. కాని ఆ రాత్రి బాలుడు ఎవరి దగ్గరకు పరుగెత్తాడు? కళ్ళు మసకబారిన ముసలి ఏలీ దగ్గరకు. మూడుసార్లు లేచాడు, మూడుసార్లూ "హిన్నేని" అన్నాడు. ఒక్కసారీ విసుగుకోలేదు. పిలుస్తున్నది దేవుడని వానికింకా తెలియదు. ముసలాయనకు నీళ్ళు కావాలేమో, పక్క సర్దాలేమో అనుకొని ఉంటాడని నా తలంపు. మంచం పట్టిన అత్తగారు రాత్రి రెండు గంటలకు మూడోసారి పిలిచినప్పుడు లేచే అమ్మా, ఈ వాక్యము నీది. నిన్నెవరూ వేదిక మీద పిలిచి శాలువా కప్పరు.

ఈ మాటను దేవుడు కూడా అంటాడని మీకు తెలుసా? యెషయా 58వ అధ్యాయములో, ఆకలిగొన్నవానికి ఆహారము పెట్టి, బాధింపబడినవానిని విడిపించినవాడు మొఱ్ఱపెట్టగా దేవుడు హిన్నేని అంటాడు. సేవకుడు యజమానికి చెప్పే మాటను యజమానుడే చెప్పుచున్నాడు! ఇక 65వ అధ్యాయము మొదటి వచనములో వెంటవెంటనే రెండుసార్లు అంటాడు: హిన్నేని, హిన్నేని. ఎవరితో? ఆయనను పిలువనే పిలువని జనముతో.

మన సమయము ముగిసినది. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఈ మూడు భాగములు చదువుకొనండి. పిల్లలను కూడా కూర్చోబెట్టండి.