మాట పొదుపు, మర్యాద పొదుపు కాదు
(సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మాది పావగడ తాలూకా వల్లూరు. తుమకూరు జిల్లాలో చేరిన ఆ తాలూకాను చాలావరకు ఆంధ్రదేశమే చుట్టుకొని ఉన్నది. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడము. రెండు భాషలవారము గనుక మాకు మాటలకు కరువు లేదు. అయినా నేడు మేము మనవి చేయదలచినది మాట్లాడనివారిని గురించి.

అటువంటివారు ప్రతి కుటుంబములోనూ ఒకరైనా ఉంటారు. చుట్టాలు రాగానే పుస్తకము పట్టుకొని లోపలి గదిలోకి వెళ్ళిపోతారు. పెళ్ళిపిలుపు వస్తే సంతోషముకన్న ముందు దిగులు పడతారు. పదిమందిలో ఒక గంట గడిపితే వారికి పొలము దున్నినంత అలసట. లోకము వారికి పెట్టే పేరు గర్విష్ఠి. స్విట్జర్లండు మనస్తత్వశాస్త్రజ్ఞుడు కార్ల్ యూంగ్ 1921లో ప్రకటించిన గ్రంథములో అంతర్ముఖులు, బహిర్ముఖులు అని మనుష్యులను రెండు తీరులుగా వివరించాడు. ప్రతివారిలోనూ రెండూ ఉంటాయనీ, ఏదో ఒకటి పైచేయిగా ఉంటుందనీ ఆయన చెప్పినది. ఇందులో గర్వము ప్రసక్తి ఎక్కడా లేదు.

పల్లెలో ఇటువంటివారికి ఇబ్బంది తక్కువ. ఒక ఇంట చావు జరిగితే ఊరివారు పలకరింపుకు వెళ్తారు. పేరుకు పలకరింపేగాని, చేసేది అరుగుమీద కాసేపు కూర్చొని రావడము. వేరుశనగ చేలో పదిమంది వరుసగా వంగి చెట్లు పీకేటప్పుడు ఒకరు పూటంతా నోరు విప్పకపోయినా, వారు ఆ పదిమందిలో ఒకరే. వారి తాత ఎవరో, చేతిపని ఎటువంటిదో ఊరంతటికీ తెలుసు. అక్కడ మనిషి రావడమే మర్యాద. మాట ఆపైన.

ఆ పల్లెలూ మారుతున్నవి. మా వల్లూరు భూములు కూడ పావగడ సౌరవిద్యుత్ పార్కులో చేరినవి. ఐదు గ్రామాల పరిధిలో రైతులవద్ద కౌలుకు తీసుకొన్న సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల పార్కు వెలిసినది. 2018లో దానికి ప్రారంభోత్సవము జరిగినది. కౌలు డబ్బు చేతికి వస్తున్నది, మంచిదే. కాని ఆ భూములలో మాట లేకుండా కలిసి పనిచేసే పూటలు పోయినవి.

ఇక వలస వచ్చిన చోట మన తాత పేరు ఎవరికీ తెలియదు. సభలో కనిపించిన గంటసేపే మన పరిచయము. ఊళ్ళో స్వభావమనిపించుకొన్న మౌనము ఇక్కడ అమర్యాద అనిపించుకొంటుంది. చిన్నబుచ్చుకొన్న మనిషి మరుసటి ఏడు రావడము మానుతాడు. ఆపైన ఆయన ఇంట్లో ఎవరు జబ్బుపడినా మనకు కబురు అందదు. మన బాధ ఆయనకు తెలియదు. సంఘాలు పోట్లాటలవల్లనే చీలుతాయనుకొంటాము. ఇలా చప్పుడు లేకుండా జారిపోయేవారే ఎక్కువ.

1888లో తిరుత్తనిలో తెలుగు కుటుంబములో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణగారు ఎంతటి వక్తో మీకు తెలియనిది కాదు. అంతటివారు తాము పైకి అందరితో కలిసిపోయినా స్వభావముచేత ఏకాంతప్రియులమేనని తమ ఆత్మకథాత్మక వ్యాసములో వ్రాసుకొన్నారు. 1918 నుంచి మైసూరులో ఆచార్యులుగా ఉండి 1921లో కలకత్తాకు బయలుదేరినప్పుడు, విద్యార్థులు బండి గుర్రాలను విప్పి తామే రైలుస్టేషనుకు లాగుకొని వెళ్ళారు. లోపల ఏకాంతమును కాపాడుకొంటూనే బయటివారికి చెల్లించవలసినది చెల్లించవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది.

కనుక మితభాషులకు మా మనవి ఇది. అన్ని వేడుకలకూ రానక్కరలేదు. చావుకు, జబ్బుకు, దగ్గరివారి శుభకార్యానికి మాత్రము తప్పకండి. రాలేకపోతే ముందుగా కబురు చేయండి. వస్తామని చెప్పి రాకపోతే వేసిన విస్తరి ఖాళీగా ఉంటుంది, వండినవారి మనస్సు నొచ్చుకొంటుంది. జనము చేరకముందే రండి. అప్పుడు ఒకరితో నిదానముగా మాట్లాడవచ్చును. చేతికి ఒక పని అడిగి తీసుకోండి. మంచినీళ్ళు అందించేవారిని ఎవరూ గర్విష్ఠి అనరు. అలసిపోతే త్వరగా వెళ్ళండి, కాని చెప్పి వెళ్ళండి. మన భాషలో సెలవు తీసుకొనే మాట కూడ “వెళ్ళొస్తాము” అన్నదే. ఆ ఒక్క మాటలో మళ్ళీ వస్తామన్న హామీ ఉన్నది.

మాటకారులకూ ఒక మనవి. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. నోరు మంచిదంటే ఎప్పుడూ తెరచి ఉండేదని అర్థము కాదు. “మూగనోము పట్టారా?” అని నలుగురిలో నవ్వకండి. ఇష్టము లేనివారిని వేదికమీదికి లాగకండి. సిగ్గుపడే పిల్లను అతిథుల ముందు నిలబెట్టి పద్యము చదవమని బలవంతపెట్టకండి. చదవకపోతే కోపపడనూవద్దు. ఆ పిల్లచేత పచ్చడి గిన్నెలు అందరికీ అందింపజేయండి. ఆమెకూ సభలో చోటు దొరుకుతుంది. రెండు సభలకు రానివారి ఇంటికి మనమే ఒకసారి వెళ్దాము. ఎందుకు రాలేదని నిలదీయకుండా కాఫీ తాగి వద్దాము.

ఉగాదినాడు మనము చేసే ముఖ్యమైన పనులలో పంచాంగ శ్రవణము ఒకటి. ఒకరు చదువుతారు, ఊరంతా కూర్చొని వింటుంది. ఆ పూట మాటకారికీ మితభాషికీ భేదము లేదు. సంవత్సరములో తొలిరోజు పాటించే ఈ మర్యాద మిగిలిన రోజులలోనూ కొంత నిలిస్తే, మాట్లాడనివారు కూడ మన మధ్య సుఖముగా కూర్చొంటారు.

 వెళ్ళొస్తాము.