బీమా కార్డు - మధ్యవర్తి



ఆరోగ్య బీమా మన నరసన్నపేట వైపు కొత్త మాట కాదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. అది కాక సొంతంగా పాలసీ కట్టుకున్నవారు ఆసుపత్రికి వెళితే, ‘టీపీఏ ఒప్పుకోవాలమ్మా’ అనే మాట వింటూంటారు.

టీపీఏ అంటే కంపెనీ తరఫున కాగితాలు చూసే మధ్యవర్తి సంస్థ. దీనికి అనుమతి ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం కాదు, హైదరాబాదులో ఉన్న బీమా నియంత్రణ సంస్థ. 2001 నిబంధనల నాటినుంచీ ఆ అనుమతి లేనిదే ఎవరూ ఈ పని చెయ్యకూడదు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడన్న సామెత ఇక్కడ చెల్లదు. క్లెయిము కాదనే అధికారం టీపీఏకు లేదు, కంపెనీకే ఉంది. 2024 నిబంధనల ప్రకారం నగదు కట్టకుండా వైద్యం చేయించుకునే అనుమతి సంగతి గంటలో తేల్చాలి. డిశ్చార్జి రోజున మూడు గంటల్లో తేల్చాలి. అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వేస్తే ఆ ఖర్చు కంపెనీదే.

కాబట్టి ‘కుదరదు’ అనగానే గాజులు తాకట్టుకు తియ్యకండి. కారణం రాతమూలకంగా ఇమ్మని కంపెనీని అడగండి. ప్రాణం మీదికి వస్తే మాత్రం వైద్యం ఆపవద్దు. బిల్లులు దాచి తరువాత అడగవచ్చు. కంపెనీకి రాసిన ఫిర్యాదుకు నెలలో జవాబు రాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. రుసుము లేదు.

పాలసీ కాగితం మీ చేతికందేచోటే ఉంచుకోండి.