కత్తి పట్టిన చేతి మీద బొమ్మ



ఈ సభలో మనం తలుచుకుంటున్న మాస్టారు బళ్లో డ్రాయింగు చెప్పేవారు. పిల్లలు ఏ బొమ్మ తెచ్చి చూపించినా, బాగుందో లేదో చెప్పే ముందు ఆయన ఒకటే అడిగేవారు: ‘ఈ మనిషి ఏం పని చేస్తున్నాడు? ఒంటి బరువు ఏ కాలి మీద ఉంది?’ దీనికి జవాబు దొరక్కపోతే కాగితం వెనక్కి ఇచ్చేసేవారు. సూపర్ హీరోయిన్లను ఒళ్లు కనపడేలా గీయడం మీద ఎన్నో ఏళ్లుగా సాగుతున్న తగాదాను ఈ సాయంత్రం ఆ ప్రశ్న పట్టుకునే చూడాలని నా ప్రయత్నం.

మన దగ్గర్నుంచే మొదలుపెడతాను. 2015 జులై 10న ‘బాహుబలి’ మొదటి భాగం విడుదలైంది. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఆ సినిమా చూసినవాళ్లు ఈ సభలోనే చాలామంది ఉండి ఉంటారు. అందులో అవంతిక అనే పాత్ర తిరుగుబాటు దళంలో యోధురాలు. చెరలో ఉన్న దేవసేనను విడిపించే పని దళం ఆమెకు అప్పగిస్తుంది. అలిసిపోయి నీటి ఒడ్డున పడుకుని ఉంటే, కథానాయకుడు శివుడు నీళ్లలోంచి వచ్చి ఆమెకు తెలియకుండా చేతి మీద బొమ్మ గీసి వెళతాడు. కత్తి పట్టే చెయ్యి అది. తన ఒంటిని ఎవరో ముట్టుకున్నారని తెలిసి ఆమె మండిపడుతుంది. ఇంకోసారి చెట్టెక్కి, పాముతో ఆమెను కదలనివ్వకుండా చేసి, భుజం మీద గీస్తాడు. చివరికి ఎదురుపడతారు. ఆమె కత్తి దూస్తుంది. అతను తప్పించుకుంటూ ఆమె జుట్టు విప్పుతాడు, పైబట్ట లాగుతాడు, కళ్లకూ పెదవులకూ రంగు పులుముతాడు, ఆమె ముఖాన్ని ఆమెకే చూపిస్తాడు. ఆ క్షణం నుంచి ఆమె కోపం పోతుంది. పాట వస్తుంది. పాట తర్వాత దేవసేనను విడిపించే పని కూడా అతనిదైపోతుంది. రెండో భాగంలో అవంతిక కనిపించేది కాసేపే.

విమర్శకురాలు అన్నా వెట్టికాడ్ ఆ ఏడాదే ఇంగ్లీషు పత్రికలో వ్యాసం రాసి, ఆ సన్నివేశాన్ని అత్యాచారమనే పిలిచారు. దర్శకుడు రాజమౌళి, నటి తమన్నా ఆ మాటను ఒప్పుకోలేదు. అది సుకుమారమైన ప్రేమ సన్నివేశమని వాదించినవాళ్లు చాలామంది. ఆ వాదనను నేను తేలిగ్గా తీసేయను. కానీ సినిమా మళ్లీ చూసినప్పుడల్లా నాకు కనిపించేది మాస్టారి ప్రశ్నే. జుట్టు ముడేసుకుని, బురదలో పాకి, శత్రువును పడగొట్టిన అవంతికకు ఒక పని ఉంది. రంగులద్దాక ఆమెకు మిగిలింది అందంగా కనపడటం ఒక్కటే. ఆమె మీద బొమ్మ గీసిన చెయ్యి ఆమె పనిని చెరిపేసింది. నా అభ్యంతరం అక్కడ. ఆమె నడుము కనపడటం మీద నాకు ఏ పేచీ లేదు.

అదే దర్శకుడి రెండో భాగం చూడండి. గుడి దగ్గర ఆడవాళ్లను తడిమిన సేనాపతి వేళ్లు దేవసేన నరికేస్తుంది. ఒంటి నిండా నగలున్నాయి, పట్టుబట్టలున్నాయి, ఆమె అందాన్ని కెమెరా ఎక్కడా దాచలేదు. అయినా ఆమె చెయ్యి తన పని తాను చేసింది. ఒకే దర్శకుడు, ఒకే కథ. తేడా ఎక్కడుందో చూడటం కష్టం కాదు.

మనకు ఇది కొత్త కథ కూడా కాదు. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ ‘రౌడీరాణి’ తీశారు. విజయలలిత గుర్రమెక్కి, తుపాకి పేల్చి, పగ తీర్చుకుంది. లేడీ జేమ్స్ బాండ్ అన్నారు. ఆ నటి చేతనే మిగతా సినిమాల్లో క్లబ్బు డాన్సులు చేయించారు. ఆ కుటుంబం నుంచే వచ్చిన విజయశాంతి 1990లో ‘కర్తవ్యం’లో ఖాకీ తొడిగి జాతీయ ఉత్తమ నటి అయింది. ఇరవై ఏళ్ల తేడాతో ఒకే ఇంటి ఇద్దరు ఆడవాళ్ల పోస్టర్లు పక్కపక్కన పెడితే మన సినిమా ఆడదాని చేతికి ఆయుధం ఎలా ఇచ్చిందో, ఎలా లాక్కుందో తెలుస్తుంది. ఎవరైనా విద్యార్థి దీని మీద పరిశోధన చేస్తే బాగుండును.

ఇక అమెరికా కామిక్సు. 2014లో మార్వెల్ కంపెనీ ‘స్పైడర్ వుమన్’ కొత్త సంచికకు ఒక ప్రత్యేక ముఖచిత్రం వేయించింది. గీసినవాడు మిలో మనారా, శృంగార కామిక్సుకు పేరుపడ్డ ఇటాలియన్ చిత్రకారుడు. గొప్ప గీతగాడే, నాకు సందేహం లేదు. ఆ బొమ్మలో స్పైడర్ వుమన్ మేడ అంచు ఎక్కి పాకి వస్తోంది. పిరుదులు పైకెత్తి ఉన్నాయి. ఎర్రటి దుస్తులు బట్టలా లేవు, ఒంటికి పూసిన రంగులా ఉన్నాయి. మేడ అంచు ఎక్కుతున్న మనిషి ఒంటిని నేలకు అదిమిపెట్టుకోవాలి, ఒక మోకాలు ముందుకు రావాలి, తల లోపలికి ఉండాలి. ఎప్పుడైనా గోడ దూకిన పిల్లను అడగండి, చెబుతుంది. ఈ ముఖచిత్రంలో బరువు ఎక్కడా ఆనలేదు. శత్రువు ఎక్కడున్నాడో ఆమెకు తెలియదు. పుస్తకం కొనేవాడు ఎక్కడున్నాడో మాత్రం ఆమె వెన్నుపూసకు తెలుసు.

కామిక్సు చదివే ఆడపిల్లలు ఈ భంగిమలను ఏనాడో పసిగట్టారు: వక్షం, వీపు, పిరుదులు మూడూ ఒకేసారి కనపడేలా నడుము విరిచి గీయడం. 2012లో కొందరు చిత్రకారులు ఒక పని చేశారు. హాకై అనే మగ వీరుణ్ణి తెచ్చి, అచ్చం ఆ భంగిమల్లోనే గీశారు. చూసినవాళ్లు నవ్వారు. అదే నడుము విరుపు ఆడమనిషికి ఉన్నంతకాలం ఎవరికీ నవ్వు రాలేదు. వేల మాటల విమర్శ చేయలేని పని ఆ బొమ్మలు చేశాయి.

‘ఇలాంటి బొమ్మలు మన గుళ్ల మీద లేవా?’ అని వెంటనే అడుగుతారు. ఉన్నాయి. పాలంపేట రామప్ప గుడికి వెళ్లండి. 1213 నాటి కట్టడం. నల్లరాతి మదనికలు చూరు కింద నిలబడి ఉంటారు. ఒంటి మీద బట్ట తక్కువే, నగలెక్కువ. ఒకామె కాలి ముల్లు తీయించుకుంటోంది. ఒకామె ఒంటి చుట్టూ పాములు. వాళ్లనూ ఎవరో చూడాలనే చెక్కారు, అందులో దాపరికం లేదు. అయినా ముల్లు గుచ్చుకున్న కాలి నుంచి బరువు రెండో కాలికి మారడం ఆ రాతిలో కనిపిస్తుంది. నటరాజ రామకృష్ణ గారు ఆ గుడి శిల్పాలు చూసి పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. ఆ రాళ్ల నుంచి మనుషులు నాట్యం నేర్చుకోగలిగారు. మనారా ముఖచిత్రం చూసి ఎవరూ నిలబడటం కూడా నేర్చుకోలేరు. గుడి బొమ్మలను అడ్డం పెట్టుకుని వాదించేవాళ్లు ముందు ఆ గుడి బొమ్మలను సరిగా చూడాలి.

మరి ఇలాంటి ముఖచిత్రాలను, పోస్టర్లను నిషేధిద్దామా? ఇక్కడ నాతో విభేదించే మిత్రులు ఈ సభలోనే ఉన్నారు. ఈ పక్కనే ఉన్న ఉస్మానియాలో 1974లో పుట్టిన ప్రగతిశీల మహిళా సంఘం అమ్మాయిలు అశ్లీల పోస్టర్ల మీద ఉద్యమించారు. వాళ్ల కోపం న్యాయమైనది. బస్టాపులో నిలబడ్డ అమ్మాయి నెత్తి మీద ఆ పోస్టరు ఉంటే, పక్కన నిలబడ్డవాడి చూపు ఎలా మారుతుందో వాళ్లు అనుభవించి చెప్పారు. 1986లో మహిళలను అసభ్యంగా చిత్రించడాన్ని నిషేధిస్తూ పార్లమెంటు చట్టం కూడా చేసింది.

అయితే కత్తెర ఎవరి చేతిలో ఉంటుందన్న భయం నాకుంది. కవయిత్రి ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ అనే కావ్యం రాసింది. అందులో కోరిక ఆడదానిది, మాట ఆడదానిది. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని వెలికితెచ్చి అచ్చు వేయిస్తే, మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రధాని అయ్యాక గానీ ఆ నిషేధం తొలగలేదు. అమెరికాలో 1954లో కామిక్సుకు ఒక నియమావళి పెట్టారు. ఆడవాళ్లను ఉన్నది ఉన్నట్టు గీయండి, అవయవాలను పెంచి చూపించవద్దు అంది. మంచిదే. ప్రేమకథలు ఇంటి విలువను, వివాహ పవిత్రతను చాటాలని కూడా అదే నియమావళి శాసించింది. ఆడదాని ఒంటిని కాపాడతామని వచ్చేవాళ్లు ఆమెను ఇంట్లోకి పంపే దాకా ఊరుకోరు. అందుకని కత్తెర కంటే పెన్సిలు మీద నాకు నమ్మకం ఎక్కువ.

వండర్ వుమన్ సంగతి కూడా ఇందుకే చెప్పాలి. 1941లో పుట్టిన పాత్ర. 2016 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి ఆమెను స్త్రీల సాధికారతకు గౌరవ రాయబారిగా ప్రకటించింది. అరకొర బట్టల తెల్ల సుందరిని ప్రపంచంలోని ఆడపిల్లలందరికీ ఆదర్శంగా చూపిస్తారా అని సుమారు 45 వేల మంది సంతకాలు చేశారు. డిసెంబరులో ఆ పదవి ముగిసిపోయింది. ఆ బొమ్మను చూసి ధైర్యం తెచ్చుకున్న ఆడపిల్లలూ తరతరాలుగా ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అసలు వెలితి ఏమిటంటే, ఆ పదవికి ఐక్యరాజ్యసమితి బతికున్న ఆడమనిషిని కాక ఒక బొమ్మను ఎంచుకుంది.

మార్పు వచ్చిన చోట ఎలా వచ్చిందో చూద్దాం. 2012లో కెల్లీ స్యూ డికానిక్ రచయిత్రిగా వచ్చాక కెప్టెన్ మార్వెల్ ఈతదుస్తుల్లాంటి పాత వేషం వదిలి నిండు యూనిఫాం తొడిగింది. 2014లో జి. విల్లో విల్సన్ రాత, సనా అమానత్ సంపాదకత్వం కలిసి కమలా ఖాన్ అనే పాకిస్తానీ ఇంటి పిల్ల సొంత పుస్తకంతో వచ్చింది. అదే ఏడాది రామ్ దేవినేని బృందం ‘ప్రియాస్ శక్తి’ తెచ్చింది. అత్యాచారాన్ని తట్టుకుని నిలబడిన పిల్ల పులినెక్కి తిరిగే కథ. బల్ల దగ్గరికి కొత్త మనుషులు వచ్చి కూర్చున్నారు, బొమ్మ మారింది.

నేనూ వారపత్రికలకు బొమ్మలు గీసి బతికినదాన్నే. ఒక సీరియల్లో నాయిక లాయరు. జడ్జి ముందు నిలబడి వాదిస్తోంది. నల్లకోటు తొడిగి గీసి ఇచ్చాను. ‘కోటు తీసెయ్యండి, పైట కాస్త జరపండి’ అని వెనక్కి పంపారు. ఆ రోజుల్లో ఆ ఆఫీసులో బొమ్మలు చూసే బల్ల దగ్గర ఒక్క ఆడమనిషి లేదు. ఉండి ఉంటే కోటు నిలిచేదని నా నమ్మకం.

మనం గీయదగ్గ ఒక బొమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరున్న ఆసుపత్రి మన విద్యానగర్‌లోనే ఉంది. 1923 కాకినాడ కాంగ్రెసు సభల్లో ఆమె పద్నాలుగేళ్ల వాలంటీరు. టికెట్టు లేకుండా ఖద్దరు ప్రదర్శనకు వచ్చిన నెహ్రూను గుమ్మం దగ్గర ఆపేసింది. టికెట్టు వచ్చాకే లోపలికి వదిలింది. దీన్ని ఒక్క బొమ్మలో గీయమంటే ఎలా గీస్తారు? నేనైతే నెహ్రూ భుజం వెనక నుంచి గీస్తాను. అడ్డం చాపిన చిన్న చెయ్యి, నేలకు గట్టిగా ఆన్చిన రెండు పాదాలు, ఎదుటి మనిషి కళ్లలోకి చూసే చూపు. మనకు కావలసిన వీరనారి బొమ్మ అదే.

వచ్చే ఏడు మాస్టారి వర్ధంతికి ఈ వాడలోని బడుల పిల్లలకు చిత్రలేఖనం పోటీ పెట్టమని నిర్వాహకులను కోరుతున్నాను. అంశం ‘పని చేస్తున్న స్త్రీ’ అని పెట్టండి. న్యాయనిర్ణేతల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బహుమతి వచ్చిన బొమ్మలను ఈ ఉపన్యాసంతో కలిపి పుస్తకంగా వేయండి. మొదటి ప్రతుల ఖర్చు నేను భరిస్తాను.