డబ్బు పడిందని చూసుకున్నాకే పార్సిల్

ఇంట్లో ఆవకాయ పెట్టి, మంగళగిరి చీరలు తెచ్చి వాట్సాప్‌లో అమ్ముకునే అక్కచెల్లెళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

డబ్బు తీసుకోవడానికి మొదట్లో యూపీఐ క్యూఆర్ కోడ్ చాలు. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ చెల్లింపులపై 2020 జనవరి నుంచి వ్యాపారికి ఎండీఆర్ అనే లావాదేవీ రుసుము లేదు. సొంత వెబ్‌సైట్ పెట్టుకుని కార్డు చెల్లింపులూ తీసుకోవాలంటే పేమెంట్ గేట్‌వే అనే సేవ కావాలి. కార్డు చెల్లింపుల్లో ఆ సేవ ఇచ్చేవాళ్ల రుసుము, దాని మీద జీఎస్టీ వర్తిస్తే అదీ పోగా మిగిలిందే మీ ఖాతాలో పడుతుంది. ధర కట్టేటప్పుడే ఆ ఖర్చు కలుపుకోండి.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. "పంపేశానమ్మా" అంటూ కొందరు స్క్రీన్‌షాట్ పెడతారు. పచ్చ టిక్కు, మీ పేరు, మొత్తం అన్నీ ఉంటాయి. అలాంటి బొమ్మ తయారుచేయడం క్షణాల పని. మీ బ్యాంకు యాప్ తెరిచి, జమ అయిందో లేదో చూశాకే పార్సిల్ కట్టండి. "పొరపాటున ఎక్కువ పంపాను, తిరిగి వేయండి" అన్నా ముందు ఖాతా చూడండి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ లేదు. కొట్టమన్నారని కొడితే మీ డబ్బే పోతుంది.

మోసపోతే సిగ్గుపడి ఊరుకోకండి తల్లీ, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును ఆపించే వీలు అంత ఎక్కువ.