డప్పు దెబ్బల లెక్కన ఇంగ్లీషు మాట
(రాత్రిబడిలో చేసిన ప్రసంగ పాఠం)



నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సైన్సు పాఠం చదవమన్నారు. 'న్యుమోనియా' అనే మాటను రాసింది రాసినట్టు 'ప్న్యుమోనియా' అని చదివాను. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి, 'మీకెందుకురా ఇంగ్లీషు' అన్నాడు. తప్పు నాది కాదు, ఆ రాతది. మనం తెలుగులో రాసిందల్లా పలుకుతాం. ఇంగ్లీషోడు రాస్తాడు, పలకడు. మొదట్లో ఉన్న ఆ 'పి' గ్రీకు వాళ్ళది. వాళ్ళు పలికారు, ఇంగ్లీషు వాళ్ళు నోరు తిరక్క వదిలేశారు. సైకాలజీలోనూ అంతే. మరి నోరు తిరగనిది ఎవరికి?

ఇంగ్లీషు నిఘంటువుల్లో 45 అక్షరాల మాటొకటి ఉంది. 1935లో అమెరికాలో పొడుపు మాటల సంఘానికి అధ్యక్షుడైన ఎవరెట్ స్మిత్ సరదాకి కట్టిన మాట. చూస్తేనే గుండె జారుతుంది. భయపడకుండా పలుకుకొక డప్పు దెబ్బ వెయ్యండి: న్యూ-మొ-నో-అల్-ట్రా-మై-క్రో-స్కా-పిక్-సి-లి-కో-వాల్-కే-నో-కో-ని-ఓ-సిస్. 19 దెబ్బలు, అంతే.

ఇప్పుడు ముక్కలు విప్పుదాం. న్యూమోనో అంటే ఊపిరితిత్తి. అల్ట్రామైక్రోస్కోపిక్ అంటే మైక్రోస్కోపుకీ అందనంత సన్నం. సిలికో అంటే రాతిలో ఉండే సిలికా. వాల్కేనో నిప్పుకొండ, అది మనకక్కర్లేదు, పక్కన పెట్టండి. కోని అంటే దుమ్ము. ఓసిస్ అంటే జబ్బు. వాళ్ళు ఆటకు కట్టిన మాట, క్వారీల్లో, క్రషర్ల కాడ మనోళ్ళు దగ్గే దగ్గు!

డాక్టర్లు పొట్టిగా సిలికోసిస్ అంటారు. నాలుగు దెబ్బలు. మూడోది, 'కో', గట్టిగా కొట్టాలి. ట్యూబర్‌క్యులోసిస్‌లో 'లో' గట్టిగా. ఓసిస్ తోక ఉన్న మాటల్లో చాలావాటికి బరువు ఆ 'ఓ' మీదే.

ఈ రెంటికీ తోక ఒకటే, తల వేరు. క్షయ క్రిమితో వస్తుంది, మందులు సరిగా వాడితే నయమవుతుంది. సిలికోసిస్ దుమ్ముతో వస్తుంది, నయం చేసే మందు లేదు. ఒక్కోసారి రెండూ కలిసే వస్తాయి. దగ్గూ ఆయాసమూ ఒకేలా ఉంటాయి గనక సిలికోసిస్‌ను టీబీ అని రాసెయ్యడం మామూలైపోయింది. టీబీ అంటే యజమాని చేతులు దులుపుకుంటాడు. సిలికోసిస్ అంటే పని తెచ్చిన జబ్బు. సర్కారుకు తెలపాల్సిన జబ్బుల పట్టీలో దాన్ని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఎక్కించారు.

అందుకే క్రషర్‌లో చేసినోళ్ళు ఆస్పత్రి చీటీ మడిచి దాచకండి, ఇక్కడికి తెండి. ఏం పనిచేశారో, ఎన్నేళ్ళు చేశారో డాక్టరుకు నోరు తెరిచి చెప్పండి.

సరే, పలకలు తీయండి. చిన్నోడా, డప్పు అందుకో. సి... లి...